హైకూ పక్కన ఏ బొమ్మ?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో హైకూలను (జపాన్ తరహా మూడు పాదాల చిరు కవితలను) డిజిటల్ బొమ్మలతో కలిపి వేయడం సంతోషం. కానీ కవితలో ఉన్నదే బొమ్మలోనూ ఉంటోంది. చంద్రుడంటే చంద్రుడు, కప్పంటే కప్ప! పైగా వెనకాల ఫ్యూజీ కొండ, చెర్రీ పూలు. హైకూ, బొమ్మ జతకూడిన ఈ కళను జపాన్‌లో హైగా అంటారు. దానికి వన్నె తెచ్చిన యోస బుసోన్ (1716–1784) కవీ, చిత్రకారుడూ కూడా. కవిత చెప్పింది మళ్లీ చెప్పకుండా బొమ్మ పక్కనుంచి తాకాలి. హైగాకు ప్రాణం అదే.

ఈ హైకూ చూడండి:

ఆగిన వాన
బస్టాపు బల్లమీద
తడి గొడుగు

దీనికి గొడుగు గీస్తే కవితకు పనేం మిగలదు. కరెంటు తీగ మీద రెక్కలు దులుపుకునే కాకి ఒక్కటి చాలు. వాన వెలిసిన సంగతి కాకి చెబుతుంది. గొడుగు మరిచిపోయి బస్సెక్కిన మనిషిని పాఠకుడే ఊహించుకుంటాడు. ఋతువు కూడా మన ఊరిదే కావాలి: బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు, ఫాల్గుణంలో మోదుగ.

గీసేవాళ్లు ఏ4 సైజుకి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480×3508 పిక్సెళ్ల కాన్వాస్ తీసుకోవాలి. అడుగు లేయర్‌లో (పొరలో) కాగితం టెక్స్చర్, దానిపైన మల్టిప్లై మోడ్‌లో (పై రంగు కింది రంగుతో కలిసి ముదురయ్యే పద్ధతిలో) సిరా గీతలు ఉంటే కాగితం పీచు గీతలోంచి కనిపిస్తుంది. సగానికి పైగా ఖాళీ వదిలేయాలి.

అసలు చిక్కు తెలుగు అక్షరాలతోనే. జపనీయుల్లా పైనుంచి కిందికి పేరిస్తే ఒత్తు వెళ్లి కింది అక్షరం తలకట్టుకు తగులుతుంది. అందుకే మూడు పాదాలూ అడ్డంగానే రాయాలి, లైన్ల మధ్య ఎడం ఫాంట్ సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ లేఅవుట్ (మన లిపుల్ని సరిగా పేర్చే అమరిక) ఎంచుకోవాలి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఈ బాధ లేదు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను ముందు యూనికోడ్‌లోకి మార్చకపోతే వచ్చేవి పిచ్చి గుర్తులే.

అచ్చుకు పంపేటప్పుడు అక్షరాలను నల్ల సిరా ఒక్కదానితోనే ఉంచాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే, ఒక రంగు అచ్చు ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్నటి ఒత్తులు అలుక్కుపోతాయి. న్యూస్‌ప్రింట్ (పత్రిక కాగితం) సిరాను పీల్చుకుని ముదురు రంగుల్ని ఇంకా ముదురు చేస్తుంది. కాబట్టి స్క్రీన్ మీద బొమ్మ కాస్త పాలిపోయినట్టు ఉంటేనే మేలు.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ నాణ్యత పోతుంది. దయచేసి ఈమెయిల్‌లో నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లు తీసుకోండి. కవి పేరుతో పాటు చిత్రకారుడి పేరూ వేయగలరని మనవి.

— ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్