టెక్సాస్ తుపాకీ చట్టాలు ఎక్కడ తయారవుతున్నాయి?

సంపాదకులవారికి నమస్కారములు.

అమెరికాలో కాల్పులు జరిగి మన పిల్లలెవరైనా బలైతే మన పత్రికలు మొదటి పేజీలో రాస్తాయి. భౌతికకాయం ఎప్పుడు వస్తుందో, వాషింగ్టన్‌లో అధ్యక్షుడు ఏమన్నారో రాస్తాయి. కానీ తుపాకీని ఎవరు, ఏ వయసులో, ఏ శిక్షణతో వెంట తీసుకుని తిరగవచ్చో చాలావరకు తేల్చేది రాష్ట్ర శాసనసభలన్న సంగతి ఆ వార్తల్లో అరుదుగా కనిపిస్తుంది. టెక్సాస్‌లోని ప్లానోలో చాలా ఏళ్లుగా ఉంటూ ఇక్కడ ఓటు వేస్తున్న తెలుగు పాఠకురాలిగా, ఒకే ఒక్క శాసనసభ్యుడు చేసిన పనిని మీ పాఠకుల ముందుంచుదామని ఈ లేఖ రాస్తున్నాను.

ఆయన పేరు మాట్ షేఫర్. తూర్పు టెక్సాస్‌లోని టైలర్ నుంచి రిపబ్లికన్ పార్టీ తరఫున 2012లో దిగువ సభకు ఎన్నికై, 2025 జనవరి వరకు కొనసాగారు. సంప్రదాయవాదుల్లో కూడా గట్టి పట్టుదల ఉన్న మనిషి. చెప్పిందే చేశారు, చేయబోయేది ముందే చెప్పారు. ఆ నిజాయితీని నేను కాదనను. 2019 ఆగస్టులో ఎల్ పాసోలో 23 మందిని, అదే నెల చివర్లో మిడ్‌ల్యాండ్-ఒడెస్సాలో ఏడుగురిని బలిగొన్న కాల్పుల తరువాత, కొద్దిమంది దుర్మార్గాన్ని చూపి దేవుడిచ్చిన హక్కులను తగ్గించబోనని ఆయన బహిరంగంగా ప్రకటించారు. చట్టానికి లోబడి బతికే ప్రతి ఒంటరి తల్లీ తననూ తన పిల్లలనూ కాపాడుకోవడానికి ప్రభుత్వ అనుమతి లేకుండానే చేతి తుపాకీ పెట్టుకునే హక్కు ఉండాలని కూడా అన్నారు. రెండేళ్లు తిరగకుండానే ఆ మాట హెచ్‌బీ 1927 (దిగువ సభ బిల్లు నంబరు 1927)గా చట్టమైంది. ఆ బిల్లు రూపకర్త ఆయనే.

అంతకుముందు చేతి తుపాకీ వెంట పెట్టుకుని బయట తిరగాలంటే క్లాసుకు హాజరై, రాత పరీక్ష రాసి, గురి చూసి కాల్చి చూపించి, వేలిముద్రలిచ్చి లైసెన్సు తెచ్చుకోవాలి. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టరీత్యా నిషేధం లేనివారికి ఇవేవీ అక్కర్లేదు. పోలీసు అధికారులు, లైసెన్సు శిక్షకులు పలువురు వద్దన్నా సభ వినలేదు.

ఆ మార్పు మాకు తెలిసింది మా గుడి తలుపు దగ్గర. ఇక్కడ ఏ ప్రాంగణంలోకైనా తుపాకీ తేవద్దనుకుంటే చట్టం నిర్దేశించిన మాటలనే, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ బోర్డు రాసి పెట్టాలి. లైసెన్సుతో దాచి తెచ్చేవారికొకటి, లైసెన్సుతో పైకి కనిపించేలా తెచ్చేవారికొకటి అంతకుముందే ఉన్నాయి. లైసెన్సు లేనివారి కోసం మూడోది కొత్తగా వచ్చింది. చెప్పులు విడిచే చోట ఆ మూడో బోర్డుకు మేకులు కొడుతుంటే, తెలుగు బడికి వచ్చిన ఒక ఏడేళ్ల పాప అందులో ఏం రాసి ఉందని నన్నడిగింది. నేను చదివి వినిపించలేకపోయాను.

అదే 2021 సెప్టెంబరు 1న టెక్సాస్‌లో మరో చట్టం కూడా అమలులోకి వచ్చింది. పిండంలో గుండె చప్పుడు వినిపించాక, అంటే సుమారు ఆరు వారాల తరువాత, గర్భస్రావానికి సాయపడినవారిపై ఏ పౌరుడైనా దావా వేసి కనీసం పదివేల డాలర్లు రాబట్టవచ్చని ఆ చట్టం చెబుతుంది. దాని రూపకర్త వేరొకరైనా షేఫర్ దారి అంతకుముందే స్పష్టం. పిండానికి తీవ్రమైన లోపాలున్నప్పుడు 20 వారాలు దాటాక కూడా గర్భస్రావానికి ఉన్న మినహాయింపును తీసేయాలని 2015లోనే ఆయన సవరణ ప్రతిపాదించారు. గర్భస్రావంపై ఇప్పుడున్న దాదాపు పూర్తి నిషేధంలో ఆ మినహాయింపు లేనే లేదు. 2023 డిసెంబరులో డల్లాస్ ప్రాంతానికి చెందిన ఇద్దరు బిడ్డల తల్లి, 20 వారాల గర్భిణి, కడుపులోని శిశువుకు ట్రైసోమీ 18 అనే, బతికే అవకాశం చాలా తక్కువగా ఉండే క్రోమోజోమ్ లోపం ఉందని తేలి కోర్టుకెక్కితే రాష్ట్ర సుప్రీంకోర్టు అనుమతి నిరాకరించింది. ఆమె వేరే రాష్ట్రానికి వెళ్లవలసి వచ్చింది.

షేఫర్ విశ్వాసం మీద నాకు అభ్యంతరం లేదు. పిండంలో ప్రాణాన్ని పవిత్రంగా భావించేవారు మన ఇళ్లలోనూ ఉన్నారు. నా అభ్యంతరమల్లా, తుపాకీ పట్టుకోవడానికి ఏ తల్లి ప్రభుత్వాన్ని అడగనక్కర్లేదన్నారో, బతకదని వైద్యులు చెప్పిన బిడ్డ విషయంలో ఆ తల్లినే ప్రభుత్వం ముందు నిలబెట్టడం మీద.

2023 మే 6న మా ప్లానో పక్కనే ఉన్న అలెన్‌లోని మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వారిలో మన తెలుగు యువ ఇంజినీరు ఒకరు. పండగ ముందు బట్టలు కొనడానికి మేమంతా వెళ్లే చోటు అది. హెచ్‌బీ 1927 లేకపోతే ఆ ఘోరం ఆగేదని నేను అనడం లేదు. రైఫిల్ వెంట తీసుకెళ్లడానికి టెక్సాస్‌లో అంతకుముందూ లైసెన్సు అక్కర్లేదు. కానీ రెండు రోజుల తరువాత ఒక అవకాశం వచ్చింది. ముందటి ఏడాది టెక్సాస్‌లోనే ఉవాల్డే బడిలో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపిన 18 ఏళ్ల కుర్రాడు తన తుపాకులను చట్టబద్ధంగానే కొన్నాడు. అలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొనే వయసును 21కి పెంచే బిల్లు, పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు గంటల తరబడి వేచి సాక్ష్యమిచ్చాక, ఇద్దరు రిపబ్లికన్లు కూడా కలిసిరాగా 8-5 ఓట్లతో కమిటీ దాటింది. సభలో చర్చకు మాత్రం రాలేదు, గడువు దాటిపోయింది. ఆ ఇద్దరిలో ఒకరైన రాక్‌వాల్ ప్రతినిధి జస్టిన్ హాలండ్ 2024లో సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లు ఎంచుకునే ఎన్నికలోనే, ఓడిపోయారు. ఇతర కారణాలూ ఉన్నాయి గానీ, ఈ ఓటు కూడా ఆయనకు చేటు చేసింది.

టెక్సాస్‌లో చాలా నియోజకవర్గాల్లో గెలుపోటములు మార్చి నాటి ఈ ప్రాథమిక ఎన్నికలోనే తేలిపోతాయి. ఇక్కడ ఓటరు పార్టీలో పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, పోలింగ్ కేంద్రంలో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెబితే చాలు. అయినా మాలో చాలామంది నవంబరులో అధ్యక్షుడి ఎన్నికకు మాత్రమే కదులుతాం. వీసాల గురించి గంటలు మాట్లాడతాం, మన శాసనసభ్యుడి పేరు అడిగితే తెలియదు.

ఈ శాసనసభ బేసి సంవత్సరాల్లో జనవరి నుంచి 140 రోజులు సమావేశమవుతుంది. ఆ రోజుల్లో రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఏ బిల్లులు వచ్చాయో, ఎవరు ఎటు ఓటేశారో మీ పత్రిక ప్రవాస పేజీలో వారానికొకసారైనా ప్రచురించాలని కోరుతున్నాను. ఇక్కడి ఓటర్లూ చదువుతారు, పిల్లలను ఇక్కడికి పంపి ఫోను కోసం ఎదురుచూసే తల్లిదండ్రులూ చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ప్లానో, టెక్సాస్