గ్యాస్ అని సరిపెట్టుకోకు సత్తిబాబూ

పాలకొల్లు,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ సత్తిబాబూ,

ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉందిరా. "రోజూ జిమ్ చేసే కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ లాంటోడే పోయాడు, చెరువు గట్ల మీద తిరిగే మనమెంత! రాసిపెట్టి ఉంటే ఎవడాపుతాడు?" అన్నావు. నేను నోరు తెరిచేలోపే రొయ్యల కౌంటు సంగతి ఎత్తి మాట మార్చేశావు. ఫోన్లో నిన్ను పట్టుకోవడం కష్టం. అందుకే కాగితం తీశాను. మధ్యలో ఆపకుండా చదువు, చెల్లాయికి కూడా వినిపించు.

అసలు సంగతి చెల్లాయే చెప్పింది. మేత వేసి వచ్చాక గుండెల మధ్య పట్టేసినట్టుందని గట్టు మీద కూర్చుండిపోతున్నావట. కాసేపు కూర్చుంటే తగ్గుతోందట. గ్యాస్ అని గోలీసోడా తాగేసి, మళ్లీ చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు చూసుకోడానికి లేచి వెళ్లిపోతున్నావట. నడిస్తే వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పిని గ్యాస్ అనుకోకూడదురా. ఈ ఉత్తరంలో నువ్వు ఇంకేం మర్చిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి గుర్తుపెట్టుకో.

మన ఊళ్లలో మైకులో ఘంటసాల భగవద్గీత వినపడగానే "ఎవరు పోయారు?" అంటూ వీధిలోకి వస్తాం. గోదావరి జిల్లాల్లో ఆ గొంతు సాయం లేకుండా సాగనంపిన మనిషి తక్కువ. ఆ గొంతున్న ఆయన 51 ఏళ్లకే గుండె జబ్బుతో వెళ్లిపోయారని ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాదు. 1922 డిసెంబర్ 4న పుట్టారు, 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. గీత రికార్డు జనంలోకి వచ్చేనాటికి ఆయన లేరు. షుగర్ ఉండేది. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో ప్రమాదం ఉందిరా. నరాలు మొద్దుబారి గుండెపోటు నొప్పి కూడా ఒక్కోసారి సరిగా తెలియదు. ఆయాసమో, చెమటో, నీరసమో అనిపించి ఊరుకుంటుంది. నీకు షుగర్ ఉందో లేదో నువ్వు చూపించుకున్నదే లేదు.

అదే ఏడాది జులై 18న ఎస్వీ రంగారావు పోయారు. 56 ఏళ్లు. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు కట్టి ఎదిగిన మనిషి. ఆ నిలువెత్తు విగ్రహం తెర మీద గద పట్టుకుని నవ్వితే మన టూరింగ్ టాకీసు గుడారం దద్దరిల్లేది. కొన్ని నెలల ముందే హైదరాబాద్‌లో ఒకసారి గుండెపోటు వచ్చి బయటపడ్డారు. రెండోసారి బయటపడలేదు.

ఇక్కడే నువ్వు ఆలోచించాలి. 1974లో గుండెపోటు వస్తే డాక్టరు చేతిలో ఏముండేవి? మంచం, ఆక్సిజన్, నొప్పికి ఇంజెక్షన్, కొన్ని మాత్రలు, ఆ పైన దేవుడు. గుండె రక్తనాళంలోకి సన్నటి బెలూన్ పంపి అడ్డు తీయడం ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అనే డాక్టరు జ్యూరిచ్‌లో మొదటిసారి చేసింది 1977లో. ఆ నాళం మళ్లీ మూసుకోకుండా మనిషికి స్టెంట్ అనే సన్నటి జాలీ గొట్టం వేయడం 1986లో మొదలైంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు మార్కెట్లోకి వచ్చింది 1987లో. ఘంటసాలకీ రంగారావుకీ ఎంత పేరున్నా, ఎంత డబ్బున్నా ఇవి దొరకవు. ఎందుకంటే అప్పటికి పుట్టలేదు. నీకు భీమవరంలో దొరుకుతాయిరా! వాళ్లది రాసిపెట్టి ఉండటం అన్నావంటే ఒప్పుకుంటానేమో గానీ, నీ సంగతిలో ఆ మాట ఒప్పుకోను.

హిందీ నటి మధుబాల సంగతీ అంతే. గుండె గదుల మధ్య గోడకి పుట్టుకతోనే రంధ్రం. 1954లో మద్రాసులో షూటింగ్ చేస్తుండగా రక్తం కక్కుకుంది. 1960లో లండన్ తీసుకెళ్లి చూపించారు. గుండె తెరిచి చేసే ఆపరేషన్లు అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న రోజులు, చేయలేమన్నారు. అందరూ ఆమె అందం గురించి మాట్లాడతారు గానీ, ఆ గుండెతో, ఒళ్లంతా గొలుసులు వేసుకుని 'మొఘల్-ఎ-ఆజం' అంత పెద్ద సినిమా పూర్తి చేసిందని తల్చుకుంటే నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. 1969 ఫిబ్రవరిలో పోయింది, 36 ఏళ్లకి. మా వీధి చివర టైలరు గారి మనవరాలికీ గుండెలో రంధ్రమే. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది. గౌను మెడ దగ్గర్నుంచి కిందికి గీత గీసినట్టు సన్నటి మచ్చ. ఆ పిల్ల ఇప్పుడు సాయంత్రాలు మా అరుగు మీద నుంచి దూకి దూకి ఆడుతుంటే వాళ్ల మామ్మ ఆపలేకపోతోంది.

జంధ్యాలది మీ సఖినేటిపల్లి రేవుకి ఎదురుగా ఉన్న నరసాపురమే కదా. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి నవ్వించిన మనిషి 2001 జూన్ 19న గుండెపోటుతో పోయారు, 50 ఏళ్లకి. ఆయన ఇంకో ఇరవై ఏళ్లుంటే మన ఇళ్లల్లో ఎంత నవ్వు మిగిలేదో! సంగీత దర్శకుడు చక్రి మరీ ఘోరం, 40 ఏళ్లకే. 2014 డిసెంబర్‌లో ఆ వార్త విన్నప్పుడు నువ్వూ నేనూ ఆటోలో ఆయన పాటే వింటున్నాం, గుర్తుందా?

ఇప్పుడు చెప్పబోయేది నీకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. హిందీ నటుడు సంజీవ్ కుమార్ తెర మీద ముసలి వేషాలు వేసి మెప్పించాడు గానీ, నిజంగా ముసలితనం చూడలేదు. 1985 నవంబర్‌లో 47 ఏళ్లకి పోయాడు. వాళ్లింట్లో మగవాళ్లు చాలామంది యాభై దాటలేదు. అన్నదమ్ములూ అంతే. మీ నాన్నగారు ఎప్పుడు పోయారురా? 52కి. కోతల రోజుల్లో చేలోంచి వచ్చి, తలపాగా విప్పి వసారాలో మడతమంచం మీద వేసి, "ఛాతీ బరువుగా ఉంది, కాస్త మజ్జిగ పట్రండి" అన్నారు. మీ అమ్మగారు మజ్జిగ గ్లాసుతో వచ్చేసరికి చొక్కా మొత్తం చెమటకి తడిసిపోయి ఉంది. ఆవేళ కూడా గ్యాసే అనుకున్నారందరూ. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు గుండె జబ్బు వచ్చిందంటే మిగతా మగవాళ్లు ముందే జాగ్రత్త పడాలని డాక్టర్లు చెబుతారు. నీకు 48 నిండాయి.

గుండెపోటు ఎలా వస్తుందో నీకు అర్థమయ్యేలా చెబుతాను. కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోతే శివారు చేలకి నీరందదు కదా. నీళ్లు తక్కువ కావాల్సినప్పుడు ఎలాగో సర్దుకుంటాయి, వరి పొట్ట మీదుండి ఎక్కువ కావాల్సినప్పుడు ఎండిపోతాయి. గుండె కండకి రక్తం తెచ్చే నాళంలో కొవ్వు పేరుకుంటే జరిగేదీ అదే. కూర్చుంటే సరిపోతుంది, మేత బస్తా ఎత్తితే చాలదు. అప్పుడు వచ్చేదే నీకొచ్చే నొప్పి. ఏదో ఒక రోజు ఆ కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. అక్కడి నుంచి నిమిషం నిమిషానికీ కండ చచ్చిపోతూ ఉంటుంది.

సింగర్ కేకే గుర్తున్నాడుగా, 'ఆర్య'లో పాడినవాడు. 2022 మే 31న కలకత్తాలో కచేరీ చేశాడు. వీడియోల్లో చూడు, పాట పాటకీ చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు. హోటల్ గదికి వెళ్లాక కుప్పకూలిపోయాడు. 53 ఏళ్లు. తర్వాత చూస్తే గుండె నాళాల్లో అడ్డంకులున్నాయి. అంతకుముందు నుంచీ గ్యాస్ మాత్రలు తెగ వేసుకునేవాడని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మీ నాన్నగారి మజ్జిగ గ్లాసే కళ్లముందు ఆడింది. ఇప్పుడు నీ గోలీసోడా.

ఇక నీ పునీత్ దగ్గరికి వస్తాను. 2021 అక్టోబర్ 29, 46 ఏళ్లు. ఆ పొద్దున ఒంట్లో బాగోలేదని ముందు ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లాడు, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తీసుకెళ్లేలోపే చెయ్యి దాటిపోయింది. మన జూనియర్ ఎన్టీఆర్ ఆయన సినిమాకి కన్నడంలో పాట కూడా పాడాడు, అంత స్నేహం. తండ్రి రాజ్‌కుమార్ లాగే పునీత్ కళ్లు కూడా దానం చేశారు. నలుగురికి చూపొచ్చింది. తండ్రీ పోయింది గుండె ఆగిపోయే. కసరత్తు కండల్ని చూసుకుంటుంది గానీ తాతతండ్రుల నుంచి వచ్చినదాన్ని పూర్తిగా చెరిపేయలేదు. అంటే కసరత్తు దండగని కాదు, కసరత్తుతో పాటు పరీక్షలూ కావాలని.

దానికి సాక్ష్యం హిందీ నటి సుస్మితా సేన్. 2023లో గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. ఇది చూసి జిమ్ మానేయకండి, నన్ను కాపాడింది ఆ అలవాటే అని ఆవిడే లైవ్‌లో చెప్పింది. ఇంకొకడు శ్రేయస్ తల్పడే. హిందీ 'పుష్ప'లో అల్లు అర్జున్ గొంతు అతనిదే. 2023 డిసెంబర్‌లో షూటింగ్ నుంచి ఇంటికొచ్చాక నలతగా ఉందంటే భార్య వెంటనే కార్లో ఆసుపత్రికి బయల్దేరదీసింది. దారిలోనే గుండె ఆగింది. ఛాతీ నొక్కి, కరెంటు షాకులిచ్చి, స్టెంట్ వేసి బతికించారు. అప్పుడతనికి 47. చావు వార్త నెలరోజులు టీవీలో తిరుగుతుంది, బతికొచ్చినవాడి వార్త ఒక్క పూటకే పోతుంది. నువ్వు లెక్కేసుకుంటున్నది మొదటిదొక్కటే.

గుండె ఆగిపోతే ఏం చేయాలో మీ చెరువు దగ్గర కుర్రాళ్లకి నేర్పించు. హీరో తారకరత్న కుప్పం పాదయాత్రలో పడిపోయాడు, 2023 జనవరి 27న. మూడు వారాలు పైగా పోరాడి, నలభయ్యో పుట్టినరోజుకి నాలుగు రోజుల ముందు పోయాడు. గుండె ఆగాక నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మనిషి ఉలుకూ పలుకూ లేకుండా పడి, ఊపిరి సరిగా తీయకపోతే మొహం మీద నీళ్లు కొట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం కాదు. ఒకడు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకడు ఛాతీ మధ్య రెండు చేతులూ వేసి రెండంగుళాల లోతు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంబులెన్స్ వచ్చేదాకా, ఒకడు అలసిపోతే ఇంకొకడు.

"ఏమైనా అయితే పంటు పడవెక్కి గోదావరి దాటి నరసాపురం వెళ్లిపోనూ" అని చెల్లాయితో అన్నావట. సఖినేటిపల్లి రేవులో అర్ధరాత్రి పంటు ఉంటుందిరా? చించినాడ వంతెన చుట్టూ తిరిగి రావాలి. నువ్వేమో రాత్రంతా ఏరియేటర్ల దగ్గరే ఉంటావు. ఆ దూరం నీ గుండె కండ ఆగుతుందా? అందుకే పరీక్షల పని పగటిపూట, నొప్పి లేనప్పుడే చేసుకుందాం. గుండెపోటు మొదలైన మొదటి గంటనే డాక్టర్లు గోల్డెన్ అవర్ అంటారు. ఎప్పుడైనా కూర్చున్న ఐదు నిమిషాలకి కూడా నొప్పి తగ్గకపోతే, చెమటలు పడితే, ఎడం చెయ్యో దవడో లాగితే బండి నువ్వు నడపకు. 108కి చెయ్యి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లో కూడా ఉచితంగా వేస్తున్నారు, కానీ దానికి త్వరగా చేరాలి.

ఒక్క ఈసీజీ తీయించుకుని బాగానే ఉందని వచ్చేయకు. కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీలో నీలాంటివాడి అడ్డంకి కనపడకపోవచ్చు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, గుండె స్కానింగ్ అయిన ఎకో, డాక్టరు సరేనంటే ట్రెడ్‌మిల్ పరీక్ష, అవసరమైతే నాళాల్లో అడ్డంకులు చూసే యాంజియో. టెన్షన్ పడకు, నేను పక్కనే ఉంటాను. సిగరెట్ మాత్రం ఈ ఉత్తరం చదివిన రోజే ఆపెయ్.

రొయ్యల పట్టుబడి ఎప్పుడో చెల్లాయి చేత చెప్పించు. అది అయిన మర్నాడే భీమవరంలో అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. ఈలోపు నొప్పి ఎక్కువైతే మాత్రం పట్టుబడి కోసం ఆగొద్దు, రొయ్యల్ని వదిలేసి వచ్చెయ్. పొద్దున్నే ఏమీ తినకుండా మొదటి పంటుకి దిగు, నరసాపురం రేవులో కారు పెట్టుకుని ఉంటాను. మీ నాన్నగారి పాత ఆసుపత్రి కాగితాలు అమ్మగారి ట్రంకు పెట్టెలో ఉండాలి, అవీ పట్రా.

నీ
రాంబాబు