కలెక్టర్ గారూ, మా బడి మైదానానికి ఒక వానాకాలం గడువివ్వండి

జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

కృష్ణకు దక్షిణాన పత్తీ మిరపా పండే నల్లరేగడి ఊరు మాది. ఇక్కడి ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. ఊరికి ఇప్పటికీ డ్రిల్లు మాస్టారినే. బడి వెనక ఆరెకరాల గడ్డి మైదానం ఉంది. దాన్ని చదును చేయడానికి నిధులు వచ్చాయనీ, జనవరి 26 లోపు పని ముగించాలనీ తెలిసింది. నిధులకు కృతజ్ఞతలు. నా బాధంతా ఆ గడువుతోనే.

ఇలాంటి గడువుతోనే ఒకసారి మా మైదానం చదునైంది. ఆగస్టు 15కు వారం ముందు జేసీబీ వచ్చి, ఒక పగలూ ఒక రాత్రీ తిరిగి, మిట్టలను గీకి గుంటల్లోకి తోసింది. జెండా ఎగిరే వేళకు నేల పళ్లెంలా ఉంది. ఫొటోలు బాగా వచ్చాయి. వినాయక చవితి వానలకు వదులు మట్టి అణిగిపోయి పాత గుంటలన్నీ ఎక్కడివక్కడ తేలాయి. అంతకంటే పెద్ద నష్టం గరిక పోవడం. ఎన్నో ఏళ్లుగా చాపలా అల్లుకున్న గరికను పైమట్టితో సహా గీకేశారు. దాని చోట తుంగ, వయ్యారిభామ మొలిచాయి. ఆ ఏడే ఖోఖో ఆడుతూ తొమ్మిదో తరగతి అమ్మాయి తుంగ కప్పేసిన గుంటలో కాలు వేసింది. చీలమండ బెణికి మండల పోటీలకు వెళ్లలేకపోయింది. తర్వాత కొలిచి చూశాను. ఆ గుంట లోతు బెత్తెడే.

మా మైదానంలో ఒక్కో గుంటకు ఒక్కో చరిత్ర ఉంది. ఈశాన్య మూల కొట్టేసిన తుమ్మల మొదళ్లు భూమిలోనే కుళ్లి, పైన నేల కుంగింది. మొద్దు తవ్వి తీయకుండా ఎంత మట్టి పోసినా మళ్లీ కుంగుతుంది. వేదిక ముందున్నవి సభలకు పాతిన పందిరి గుంజల గోతులు. ప్రహరీ కూలిన వైపు వానలో గేదెలు తొక్కిన అడుగులు ఎండకు ఇటుకల్లా బిగుసుకున్నాయి. పందికొక్కుల కన్నాల సంగతి సరేసరి. మా ఊరివాళ్ల తప్పూ దాచను. మిరప కోతలప్పుడు కాయలు ఆరబోసేది ఇక్కడే, తడి నేల మీద ట్రాక్టర్లు తిప్పి చక్రాల గాడులు వేసేదీ మేమే.

వీటన్నిటికీ తోడు నేల గుణం. రేగడి ఎండకు చెయ్యి దూరేంతగా నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. అన్నిచోట్లా ఒకేలా ఉబ్బదు కాబట్టి ఎవరూ ముట్టుకోకపోయినా తనంతట తానే మిట్టపల్లాలు పెట్టుకుంటుంది. ఇదే నల్లమట్టితో మంచి క్రికెట్ పిచ్‌లు తయారవుతాయి కదా అని ఒక ఇంజనీరు గారు నాతో వాదించారు. నిజమే. కానీ అది ఇరవై రెండు గజాల ముక్క. దానికి వేళకు నీళ్లు పెట్టి రోలరు తిప్పే మనిషి ఉంటాడు. ఆరెకరాలకు అలాంటి సేవ ఎవరు చేస్తారు? పైగా తడి రేగడి మీద బరువైన రోలరు తిప్పితే మిట్ట అణిగినట్టు కనిపిస్తుంది గానీ లోపల మట్టి బిగిసిపోతుంది. ఇక నీరు ఇంకదు, గరిక వేరు దిగదు.

తాళ్లూ మేకులూ పట్టుకుని పిల్లలతో కలిసి నేలంతా కొలిచాను. నిజంగా దున్ని సరిచేయాల్సింది రెండెకరాలే. మిగతా నాలుగెకరాల్లో గరిక బతికే ఉంది, పల్లాలు అంగుళం లోతుకు మించవు. అక్కడ యంత్రమే వద్దు. జల్లెడ పట్టిన మట్టిలో ఇసుక కలిపి పల్లాల్లో అర అంగుళం మందాన చల్లాలి. గరిక కొసలు పైకి వచ్చాక మళ్లీ అర అంగుళం. ఒకేసారి కప్పేస్తే గడ్డి చస్తుంది.

ఆ రెండెకరాల పని ఎప్పుడు చేయాలో ఏ రైతును అడిగినా చెబుతాడు. ఏప్రిల్‌లో పైమట్టిని తీసి పక్కన కుప్ప పోసి, మొదళ్లు పెకలించి, లోతుగా దున్ని వదిలేయాలి. రోహిణి ఎండకు మాడిన బెడ్డలు మృగశిర చినుకులకు వాటంతటవే విరుగుతాయి. గోతులను బెత్తెడు మందాన పొరలుగా నింపుతూ, తడుపుతూ, దిమ్మిసతో కొట్టాలి. తర్వాత నీళ్ల గొట్టంతో మట్టం చూసుకుంటూ, పదును మీద చదును చేయాలి. అదీ మరీ సమంగా కాదు. నూరడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉంటేనే నీరు పక్క కాలువలోకి పోతుంది. చివరగా దాచిన పైమట్టి పరిచి గరిక పిలకలు నాటితే, సంక్రాంతి నాటికి నేల పట్టుకుంటుంది.

అందుకే అడుగుతున్నాను. గడువును ఒక ఏడాది జరిపి, ఆపై వచ్చే జనవరి 26కు మార్చండి. అంచనాలో జేసీబీ గంటలు తగ్గించి ఇసుకకూ గరికకూ కూలీలకూ చోటివ్వండి. బిల్లులో సగం వానాకాలం దాటాక, ఎక్కడా నీరు నిలవలేదని చూసుకున్నాకే చెల్లించండి. గుత్తేదారుకు కోపం వస్తుందని తెలుసు. ప్రహరీ పడిన చోట కనీసం ముళ్లకంచె వేయించి, మైదానంలోకి ట్రాక్టర్లు రాకుండా పంచాయతీకి ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఊరివాళ్లతో తగవు వస్తే నేను చూసుకుంటాను.

ఈలోపు ఒక్క పని ఆపకండి. ఖోఖో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. ఆ మేరకు నలుగురు కూలీలు పారలతో, దిమ్మిసతో నాలుగైదు రోజుల్లో బాగుచేయగలరు. ముగ్గు పోసి హద్దులు గీసి ఉంచాను. మేకులు కూడా పీకలేదు.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు