సీ బుక్కులో లేని టర్బో

సంపాదకుడు గారికి,

పోయిన నెల ఒక కారుని తాడు కట్టి మా షెడ్డుకి లాక్కొచ్చారు. గుంటూరు వైపు పోతుంటే కాజ టోల్‌గేటు దాటాక ‘ఠప్’మని శబ్దం వచ్చి ఆగిపోయిందట. బానెట్ లేపి చూస్తే ఇంజన్ బ్లాకుకి నా పిడికిలి పట్టేంత బొక్క. పిస్టన్‌కి తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకుని తన్నుకుని బయటికొచ్చేసింది. పక్కనే ఏ కంపెనీదో పేరు లేని టర్బో, పొగ బయటికి పోయే గొట్టాలకి, అంటే మానిఫోల్డుకి, వెల్డింగ్ కొట్టి బిగించి ఉంది. కారు తోలిన కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. ‘అంకుల్, ఉన్నన్నాళ్లూ పికప్ మాత్రం అదిరిపోయింది’ అన్నాడు. తిట్టాలో నవ్వాలో తెలియలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా ఇంజన్ పని చేస్తున్నాను. టర్బో అంటే నాకు పగేమీ లేదు. ఇంజన్ వదిలే పొగతోనే తిరిగే ఆ చిన్న చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని కుక్కుతుంది. అర బార్, అంటే బయటి గాలి ఒత్తిడిలో సగం, అదనంగా కుక్కితే దాదాపు ఒకటిన్నర రెట్లు గాలి, దానికి తగ్గ పెట్రోలు, దానికి తగ్గ బలం. కుర్రాళ్లు వీడియోల్లో చూసేది ఇంతవరకే. టర్బో లేని పెట్రోలు ఇంజన్‌కి కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందనే లెక్క, ముందే పదిన్నరో పదకొండో పెట్టి చేస్తారు. దాని మీద ఇంకా గాలి కుక్కితే, ప్లగ్గు దగ్గర పుట్టిన మంట చేరేలోపే మూలనున్న పెట్రోలు తనంతట తాను పేలుతుంది. దాన్నే మేము నాకింగ్ అంటాం. ఆ కారు హెడ్ దించి చూస్తే మూడో పిస్టన్ అంచు ఎలక కొరికినట్టుంది.

కంపెనీ వాళ్లు ఈ పని ఎలా చేస్తారో చూడండి. 2017లో మారుతి వాళ్లు బలేనోలో టర్బో రకం, ఆర్‌ఎస్, తెచ్చారు. ఉన్న 1.2 లీటర్ల ఇంజన్‌కే టర్బో తగిలించలేదు, దాన్ని తీసేసి ఒక లీటరు టర్బో ఇంజన్ వేరేది పెట్టారు. వెనక చక్రాలకి కూడా డిస్క్ బ్రేకులిచ్చారు, మామూలు బలేనోకి వెనక డ్రమ్ములే. మా షెడ్డుకొచ్చిన కారుకి బ్రేకులు, క్లచ్, రేడియేటర్ అన్నీ పాతవే. ఒకందుకు రాడ్ విరగడమే మేలైంది. ఆ వేగంలో బ్రేకు చాలకపోయి ఉంటే ఎదుటివాడి గతేంటి?

ఇక చట్టం. తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎప్పటినుంచో చెబుతోంది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. అదే ఏడాది సవరణలో 182ఎ సెక్షన్ వచ్చింది. నిబంధనలకి విరుద్ధంగా బండి మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అదే పని కంపెనీయో డీలరో చేస్తే ఏడాది దాకా జైలు, లేదా బండికి లక్ష జరిమానా, లేదా రెండూ. వెల్డింగ్ కొట్టిన షెడ్డు ఊసు ఆ సెక్షన్‌లో లేదు! ఒక మెకానిక్ ఈ మాట రాయడమంటే కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే, అయినా రాస్తున్నాను. డబ్బు తీసుకుని పని చేసినవాడికి బాధ్యత లేనంతకాలం, నేను వద్దని పంపేసిన కుర్రాడు పక్క వీధిలోకి పోతాడు. అక్కడ రాత్రి షట్టర్ దించి పని కానిస్తారు. బీమా కంపెనీకి చెప్పరు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పరు. పొల్యూషన్ సర్టిఫికెట్టుకి బండిని నిలబెట్టి పైపు పెడతారు గానీ బానెట్ ఎవరు ఎత్తి చూస్తున్నారు?

నిషేధం ఒక్కటే చాలదనుకుంటే మన దగ్గరే ఒక దారి ఉంది. పెట్రోలు కారుకి సీఎన్‌జీ కిట్ పెట్టించుకోవడానికి అదే 52వ సెక్షన్ వీలిచ్చింది. పరీక్షల్లో నెగ్గిన కిట్, అనుమతి ఉన్న వర్క్‌షాపు, ఆర్‌సీలో, అంటే సీ బుక్కులో, నమోదు. జర్మనీలో బండికి చేసిన మార్పుల్ని ఇంజనీరు పరీక్షించి కాగితాల్లో ఎక్కిస్తాడు. ఫలానా మోడల్‌కి, బ్రేకులతో సహా, పరీక్షించిన టర్బో కిట్ అయితే మన దగ్గర కూడా అలా ఎందుకు ఎక్కించకూడదు? ఖర్చు ఎక్కువే అవుతుంది. దాంతో సగంమంది మానుకుంటారు, అదీ మంచిదే. రవాణా శాఖ ఈ సంగతి కేంద్రానికి రాయాలి. ఈలోగా షెడ్డు యజమాని మీద కూడా కేసు పెట్టేలా సవరణ అడగాలి.

ఆ కారు ఇంకా మా షెడ్డులోనే ఉంది. వాళ్ల నాన్నగారు సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఒకటి చూసి పెట్టమన్నారు. ఇంజన్ మారిస్తే నంబరు మారుతుంది, ఆర్‌సీలో ఎక్కించాలంటే ఆఫీసుకి వెళ్లాలి. పాత ఇంజన్ ఏమైందని అక్కడ అడిగితే ఏం చెప్పమంటారని ఆయన నన్నే అడుగుతున్నారు.

— ఒక మెకానిక్, ఆటోనగర్, విజయవాడ