షాపు తెరవడం నేర్పారు, గిరాకీ సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

చేనేత బట్టలు ఆన్‌లైన్‌లో ఎలా అమ్ముకోవాలో నేర్పే శిక్షణలు ఈమధ్య ఎక్కువయ్యాయి. మంచిదే. ఫొటో తీయడం, పేజీ తెరవడం, క్యూఆర్ కోడ్ పెట్టుకోవడం అన్నీ గబగబా చెప్పేసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, గ్రూప్ ఫొటో దిగి పంపిస్తారు. మర్నాటి నుంచి కొనేవాళ్లు ఎక్కణ్నుంచి రావాలో చెప్పేవాళ్లు లేరు.

మా ఇంట్లో మామగారు నేస్తారు, అమ్మకం నేను చూసుకుంటాను. మొదట్లో డబ్బు పెట్టి ప్రకటనలిచ్చాం. "రేటెంత", "లాస్ట్ ఎంత", "ఇంకో రంగుందా" అని అడిగినవాళ్లే తప్ప కొన్నవాళ్లు తక్కువ. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టాక ఆర్డర్లు వచ్చాయి గానీ, పార్సిల్ గుమ్మంలోకి వెళ్లాక వద్దనేవాళ్లు తయారయ్యారు. రానూపోనూ కొరియర్ ఖర్చు మా నెత్తినే. ఒకావిడైతే అంచుల్లో సన్నని చిల్లులున్నాయని చీర తిప్పి పంపింది. నేసేటప్పుడు బట్ట ముడుచుకుపోకుండా పన్నాకు అడ్డంగా ఒక బద్ద బిగిస్తారు. ఆ చిల్లులు దాని సూదుల గుర్తులు. చేత్తో నేసిన చీరో కాదో తేల్చడానికి మా పెద్దవాళ్లు చూసేదే ఆ గుర్తుల్ని! మేం అమ్ముతున్న సైట్ వాళ్లకి ఇదంతా ఫోన్‌లో చెప్పాం. "డ్యామేజ్" అని రాసుకుని ఊరుకున్నారు.

ఇప్పుడు మాకు నిలకడగా ఉన్న గిరాకీ వేరేచోట దొరికింది. పానకాల స్వామి దర్శనానికి మంగళగిరి వచ్చి, కొండ దిగి బజారులో చీర చేత్తో పట్టి చూసి, కొని, మా నంబరు రాసుకెళ్లినవాళ్లు. "పోయినసారి తీసుకున్న నిజాం అంచుదే ఇంకోటి కావాలి, ఈసారి చిలకపచ్చలో" అని హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వాట్సాప్ చేస్తారు. ఫొటోలో రంగు కాస్త తేడాగా పడినా వాళ్లకి కంగారుండదు, బట్ట ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి. ఆఫీసులో పక్క సీటావిడకి మా నంబరిచ్చేదీ వాళ్లే. కొత్తగా ఆన్‌లైన్‌లో దిగేవాళ్లకి ఇలాంటి మొదటి కొద్దిమందిని సంపాదించుకోవడమే అసలు టెన్షన్.

ఆ మొదటి కొద్దిమంది ప్రభుత్వం నడిపే చోట్లకి రోజూ వస్తూనే ఉన్నారు. 2022 నుంచి రైల్వే స్టేషన్లలో "ఒక స్టేషన్ - ఒక ఉత్పత్తి" స్టాళ్లు నడుస్తున్నాయి. రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో షోరూములున్నాయి. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం వస్తే ఎగ్జిబిషన్లు పెడతారు. ఇలాంటి చోట కొన్న చీర నచ్చి అలాంటిదే మళ్లీ కావాలంటే ఎవరిని అడగాలి? చీరకి ఒక చీటీ కుట్టండి చాలు: నేసినవాళ్ల పేరు, ఊరు, వాట్సాప్ నంబరు. కొత్త పోర్టల్ కట్టడంతో పోలిస్తే ఈ ఖర్చు చిల్లర కిందే లెక్క. గిరాకీ అంతా నేరుగా నేతన్న దగ్గరికి పోతే మా షోరూము గతేంటని ఆప్కో అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అలాగైతే సహకార సంఘం నంబరైనా వేయండి.

ఇంకో బెడద ఉంది. ఆన్‌లైన్‌లో "మంగళగిరి చీర" అని వెతికితే మేం నూలు కొనే ధరకే పవర్‌లూమ్ చీరలు వరసగా కనిపిస్తాయి. మంగళగిరి పేరు ఇక్కడి చీరలకే చెల్లేలా మా చీరలకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. చీరతో సహా 11 రకాలను చేనేతకే కేటాయించిన 1985 నాటి చట్టం ఉంది. అమ్మేవాళ్ల పేరు, చిరునామా కొనేవాళ్లకి కనబడాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. బజారులో దుకాణాలు తనిఖీ చేసే అధికారులు అదే పని ఫోన్ తెరిచి కూడా చేయాలి. నకిలీ చీర కొని మోసపోయినవాళ్లు మంగళగిరి పేరు చెబితే మళ్లీ అసలుదాన్ని కూడా కొనరు.

చేనేత శాఖ వారికి ఒక మనవి. ఈసారి శిక్షణ పెట్టేటప్పుడు ఫొటోల పాఠం కాస్త తగ్గించి, ఆన్‌లైన్‌లో నిజంగా అమ్ముతున్నవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని పిలిచి కూర్చోబెట్టండి. పార్సిల్ వాపసొస్తే ఏం చేయాలో, పాత కొనుగోలుదారుకి పండగ ముందు ఏమని మెసేజ్ పెట్టాలో వాళ్లు చెబుతారు.

- ఒక చేనేత కుటుంబ పాఠకురాలు, మంగళగిరి