గుండుసూది దీపాలు

ప్రియమైన శ్రీనూ,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటున్నావేమో, తిట్టుకో. ఈ మధ్య నా రాత్రులు పారిస్‌లోని టూలరీ రాజభవనంలో గడుస్తున్నాయి మరి! 1871 మే నెలలో పారిస్ కమ్యూన్ తిరుగుబాటుదారులు దాన్ని తగలబెట్టారు, మిగిలిన మొండిగోడలను 1883లో పడగొట్టారు. అయినా నేను లోపలికి వెళ్లి వస్తూనే ఉన్నాను.

దారి చాలా సులువు. అట్ట చట్రంలో పక్కపక్కన రెండు చిన్న ఫోటోలు, చూడటానికి రెండు కటకాల పెట్టె. స్టీరియోస్కోప్ అంటారు. కాస్త ఎడంగా తీసిన రెండు ఫోటోలను ఏ కంటిది ఆ కంటికే చూపిస్తే, మెదడు వాటిని కలిపి లోతు పుట్టిస్తుంది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ కిటుకు బయటపెట్టాడు. 1851 లండన్ ప్రదర్శనలో విక్టోరియా రాణి ముచ్చటపడ్డాక జనానికి వెర్రి పట్టుకుంది. చరిత్ర ఇంతటితో చాలు.

నేను చెప్పాలనుకున్నది ఆ రాజభవనంలోని మార్షల్స్ హాలు, అంటే సేనాధిపతుల పేరు పెట్టిన హాలు గురించి. రెండంతస్తుల ఎత్తు. మామూలు ఫోటోలో షాండ్లియర్ వెనకనున్న నగిషీల్లో కలిసిపోతుంది. ఇందులో విడిగా, గాలిలో వేలాడుతుంది. దాని వెనక స్తంభాలకు బదులు నిలబెట్టిన స్త్రీమూర్తులు, ఆ వెనకెక్కడో గోడ. అద్దాలున్న గదులైతే మరీ చిత్రం! ప్రతిబింబం అద్దానికి అతుక్కోదు, గోడకు అవతల ఇంకో గది ఉన్నట్టు లోపలికి పోతుంది.

అసలు తమాషా ఇప్పుడు చెబుతాను. కార్డు మీద ముందు నుంచి వెలుతురు పడితే అది పగటిపూట గది, వట్టి నలుపు తెలుపు. వెనక దీపం పెట్టావా, తెరలు ఎర్రబడి షాండ్లియర్లు ధగధగమంటాయి. నిజానికి ఫోటో తీసింది పగలే, కిటికీ వెలుతురులో. ఆనాటి ఫోటో ప్లేట్లకు రాత్రి దీపాల వెలుతురు ఎక్కడ చాలుతుంది? పల్చటి కాగితం మీద అచ్చువేసి, వెనక రంగులు పూసి, దీపం ఉండాల్సిన ప్రతిచోటా సూదితో పొడిచారు. రంగులు మాత్రం తిరునాళ్ల బొమ్మలంత గాఢం, నాకు నచ్చలేదు. కానీ ఆ సూదిపని! రెండు ఫోటోల్లోనూ సరిగ్గా అదే చోట పొడవాలి. వెంట్రుకవాసి తప్పినా దీపం షాండ్లియర్ కొమ్మను వదిలేసి గాలిలో తేలుతుంది. నా కార్డులో ఎడమవైపు ఒకటి అలాగే తేలుతోంది. మూడో నెపోలియన్ చక్రవర్తి విందు దీపాలను ఇలా వెలిగించిన పనివాళ్ల పేర్లు కార్డు మీద ఎక్కడా లేవు.

దసరాకు వస్తావుగా, చూపిస్తాను. చేతికి మాత్రం ఇవ్వను. అది పల్చటి కాగితం, నీ సంగతి నాకు తెలుసు.

నీ,
రఘు