ఇకపై ముందు మీ ప్రశ్న వింటాం

మా కథారచన తరగతుల్లో చేరినవారికి, చేరి మధ్యలో మానేసినవారికి, చేరాలని ఆలోచిస్తున్నవారికి నమస్కారం.

గత విడతలో చేరినవారిలో సగానికి పైగా చివరి వారం దాకా రాలేదు. ఉద్యోగాలు, పిల్లల పరీక్షలు, ఇంట్లో అనారోగ్యాలు కారణమై ఉంటాయని మొదట సరిపెట్టుకున్నాను. తర్వాత ఒక్కొక్కరికీ ఫోను చేసి అడిగాను. ఎక్కువమంది ఒకే చోట ఆగిపోయారని తేలింది. తమ మొదటి కథ తరగతిలో చర్చకు వచ్చిన మరుసటి వారమే వాళ్లు రావడం మానేశారు. తప్పు నా పద్ధతిలో ఉందని అప్పుడు అర్థమైంది.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో రచనా కార్యశాల మొదలైంది. దాని పేరుతో ముడిపడి ఎన్నో దేశాలకు వ్యాపించిన పద్ధతినే నేనూ పాటించాను. కథను అందరూ ముందే చదివి వస్తారు. చర్చ సాగుతున్నంతసేపూ రాసినవారు నోరు విప్పకూడదు. రేపు కథ అచ్చయితే పాఠకుడి పక్కన కూర్చుని వివరించలేం కదా అన్నది దాని వెనక ఉన్న వాదన. చెయ్యి తిరిగినవారి విషయంలో ఆ వాదనలో పస ఉందని ఇప్పటికీ అనుకుంటాను. నలభై ఏళ్లు దాటాక మొదటి కథ రాసినవారిని అలా కూర్చోబెట్టడం మాత్రం పొరపాటు.

ఒకరి అనుభవం, వారి అనుమతితోనే చెబుతున్నాను. యాభై దాటాక కలం పట్టిన ఆవిడ తన తండ్రి గురించి రాశారు. కథలో తండ్రి రాత్రి ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, గోడవారగా జతగా పెట్టేవారు. ఆ చెప్పుల చప్పుడును బట్టే ఆ పూట ఇంట్లో గట్టిగా మాట్లాడవచ్చో లేదో పిల్లలకు తెలిసిపోయేది. మేము పదకొండు మందిమి ముప్పావుగంట మాట్లాడాం. ఎత్తుగడ నిదానంగా ఉందన్నాం, ముగింపు ముందే తెలిసిపోయిందన్నాం, ‘వర్ణనాతీతం’, ‘కన్నీటి సంద్రం’ లాంటి అరిగిపోయిన మాటలు తీసేయమన్నాం. ఆవిడ అన్నీ రాసుకున్నారు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లారు. మళ్లీ రాలేదు.

ఫోనులో ఆవిడ అన్న మాట ఇది: “మీరందరూ చెప్పింది నిజమేనండీ. నాకు తెలియనిది ఒక్కటే. కథలో మా నాన్నను ‘ఆయన’ అనాలా, ‘అతను’ అనాలా? అది అడగడానికే వీల్లేకపోయింది.”

తెలుగులో కథ రాసేవారికి ఇంతకన్నా పెద్ద ప్రశ్న నాకు తోచడం లేదు. ఆయన అంటే మన్నన, అతను అంటే దూరం, వాడు అంటే చనువో కోపమో, నాన్న అంటే చెబుతున్నది బిడ్డ. ఆ ఒక్క మాటతో కథ చెబుతున్న మనిషి ఎక్కడ నిలబడి చూస్తోందో తెలిసిపోతుంది. క్రియ కూడా దాని వెంటే నడుస్తుంది. తండ్రి అడుగుల చప్పుడుకు వణికిన పిల్ల ‘వచ్చారు’ అంటే ఆ భయం మర్యాద చాటుకు వెళ్లిపోతుంది. పదకొండు మందిలో ఒక్కరమూ ఆ సంగతి ఎత్తలేదు. అందుకు ఆవిడను క్షమించమని అడిగాను. ఇక్కడ మీ అందరినీ అడుగుతున్నాను.

పెద్దయ్యాక రాయడం మొదలుపెట్టేవారి కష్టం వేరు. ముప్పై ఏళ్లుగా మంచి కథలు చదివి ఉంటారు కాబట్టి తమ వాక్యం తేలిపోయిందని ఎవరూ చెప్పకముందే వాళ్లకు తెలుసు. కన్ను ముందుకు వెళ్లిపోయింది, చెయ్యి ఇంకా అందుకోలేదు. పైగా ఆ చేతికి పాత అలవాట్లుంటాయి. ఏళ్లతరబడి ఆఫీసు ఉత్తరాలు రాసినవారి కథల్లో భార్యాభర్తలు కూడా ‘తెలియజేయడమైనది’ ధోరణిలో మాట్లాడుకుంటారు. పాఠాలు చెప్పినవారు ప్రతి సన్నివేశం చివరా దాని అర్థం విడమరుస్తారు. రాయగా రాయగా పోయే అలవాట్లే ఇవి. అంతదాకా రాయాలంటే వచ్చే వారమూ తరగతికి రావాలనిపించాలి.

అందుకే కొత్త విడతలో మొదటి ఆరు వారాలు ఎవరి రచన మీదా అభిప్రాయాలు చెప్పం. పావుగంట ఆపకుండా రాస్తాం, రాసింది పైకి చదువుతాం, విన్నవారు తమకు గుర్తుండిపోయిన ఒక వాక్యాన్ని తిరిగి చెబుతారు. పైకి చదివితే సంభాషణ ఎక్కడ బిగుసుకుందో రాసినవారి చెవికే తెలుస్తుంది.

ఏడో వారం నుంచి చర్చ ఉంటుంది. దానికి నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన పద్ధతిని తీసుకుంటున్నాం. ముందు విన్నవారు కథలో తమను తాకినదేమిటో చెబుతారు. తర్వాత రాసినవారు తమ ప్రశ్నలు అడుగుతారు. ఆపైన మేము అడుగుతాం, అయితే ప్రశ్నలో తీర్పు దాగి ఉండకూడదు. ‘ముగింపు ఎందుకంత హడావిడిగా ఉంది?’ అంటే తీర్పు ఇచ్చేసినట్టే. ‘ముగింపులో పాఠకుడు ఎవరి పక్కన ఉండాలనుకున్నారు?’ అని అడగవచ్చు. అభిప్రాయాల వంతు చివరిది, అదీ రాసినవారు వింటామంటేనే.

దీనికి ఒక్కో కథకు ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి విడతకు ఎనిమిది మందినే చేర్చుకుంటాం. నా ఆదాయం తగ్గుతుంది. అయినా రుసుము పెంచడం లేదు. విడత చివర మీ కథలతో సంకలనం వేస్తామన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గడువు కోసం కిందటిసారి ఇంకా పచ్చిగా ఉన్న కథలను తొందరపెట్టాం. మధ్యలో ఆపేసినవారు మిగిలిన వారాలను కొత్త విడతలో ఉచితంగా పూర్తి చేయవచ్చు. రావడం ఇష్టం లేకపోతే ఆ మేరకు డబ్బు తిరిగి ఇస్తాను, కారణం చెప్పనక్కరలేదు.

చెప్పుల కథ రాసిన ఆవిడ తిరిగి వచ్చారు. కొత్త పద్ధతిని ఆ కథతోనే మొదలుపెట్టాం. ఆవిడ తన ప్రశ్న అడిగారు. “ఆ చప్పుడు వింటున్నప్పుడు అమ్మాయికి ఎన్నేళ్లు?” అని ఒకరు అడిగారు. “తొమ్మిది” అన్నారు ఆవిడ. కాసేపు కాగితం వైపు చూసి, మొదటి పేజీలో ‘ఆయన’ అని ఉన్నచోటల్లా కొట్టేసి ‘నాన్న’ అని రాసుకుంటూ వెళ్లారు. చివరి పేజీ దగ్గర ఆగి, అక్కడ మాత్రం ‘అతను’ అని ఉంటుందన్నారు. మార్చిన ప్రతిని వచ్చే వారం చదువుతారు.